ఒక కొమ్ము, ఒక దీర్ఘం

(గత ఆదివారం సాయంత్రం మా గ్రంథాలయం హాలులో ఒక రిటైర్డ్ డాక్టరుగారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎక్కించాం.)

అందరికీ నమస్కారమండి. వెనక దాకా వినిపిస్తోందా? సరే.

ముందు వరసలో మా ఇంగ్లీషు మాస్టారు కూర్చున్నారు. తొంభైకి దగ్గర పడ్డారు. ఆయన ముందు నిలబడి ఇంగ్లీషు ఉచ్చారణ గురించి మాట్లాడాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మాస్టారూ, తప్పులుంటే మధ్యలోనే ఆపేయండి. బెంచీ ఎక్కమన్నా ఎక్కుతాను, మోకాళ్ళు ఒప్పుకుంటే.

ఇంగ్లండ్‌లో ముప్ఫై మూడేళ్ళున్నావు కదా, అక్కడి సంగతులేవైనా చెప్పమన్నారు. లండన్ గురించి చెబుతానని వచ్చినవాళ్ళుంటే క్షమించాలి. లండన్ నాకు పెద్దగా తెలీదు. నేనున్నది ఉత్తరాన, యార్క్‌షైర్‌లో, హడర్స్‌ఫీల్డ్ దగ్గర. ఊలు మిల్లుల ప్రాంతం. రాతి ఇళ్ళు, పొగకి నల్లబడిన గోడలు, ఏడాదంతా వాన. మనకి హైదరాబాదు ఎంత దూరమో, మనసులో వాళ్ళకి లండన్ అంత దూరం. అందుకని ఇవాళ వాళ్ళ మాట గురించే చెబుతాను. మాట అంటే యాస. ఆ యాస పట్టుకుని వాళ్ళు పడే తిప్పలు, వాళ్ళు చూపించే పౌరుషం.

నేను వెళ్ళింది 1986లో. బయటి దేశాల డాక్టర్లకి అక్కడ పెట్టే ప్లాబ్ పరీక్ష పాసయ్యాను, ఇంగ్లీషు వచ్చేసిందనుకున్నాను. వార్డులో మొదటి వారం. ఒక పెద్దావిడ మంచం మీద కూర్చుని "ఐయామ్ స్టార్వ్డ్" అంది. స్టార్వ్ అంటే ఏమిటి? ఆకలితో మాడిపోవడం. పాపం అనుకుని నర్సుని పిలిచి ఈవిడకి టోస్టు పెట్టించమన్నాను. టోస్టు వచ్చింది. ఆవిడ దాని వంక చూసింది, నా వంక చూసింది, దుప్పటి మెడ దాకా లాక్కుంది. నర్సు నవ్వాపుకుంటూ చెప్పింది, ఆవిడకి చలేస్తోంది డాక్టర్ అని. అక్కడ పాతకాలం వాళ్ళ మాటలో స్టార్వ్ అంటే చలికి వణికిపోవడం. తర్వాత చదువుకున్నాను, ఆ మాటకి అసలు అర్థం చచ్చిపోవడమట. జర్మన్ భాషలో ఇప్పటికీ అదే. దేనితో చచ్చిపోవడం అన్నది ఊరిని బట్టి మారింది. దక్షిణాదివాళ్ళు ఆకలితో పోయారు, ఉత్తరాదివాళ్ళు చలితో పోయారు. అక్కడి వాతావరణం చూసినవాణ్ణి, నాకేం ఆశ్చర్యం కలగలేదు.

ఇంకొకటి. 'వైల్' అంటే మనం నేర్చుకున్నది 'అలా జరుగుతున్నంత సేపు' అని. యార్క్‌షైర్‌లో 'దాకా' అని కూడా. తొమ్మిది నుంచి అయిదు దాకా డ్యూటీ అంటే "నైన్ వైల్ ఫైవ్". అందుకే అక్కడ ఒక కథ చెప్పుకుంటారు, నిజమో కల్పనో నాకు తెలీదు. రైల్వే గేటు దగ్గర "ఎర్రలైటు వెలుగుతుండగా దాటవద్దు" అని బోర్డు పెడితే, ఒక యార్క్‌షైర్ పెద్దాయన లైటు వెలిగే దాకా ఓపిగ్గా ఆగి, వెలగ్గానే దాటాడట.

ఇదేదో నా ఒక్కడి కష్టం కాదండోయ్. 2004లో డాంకాస్టర్‌లో ఆస్ట్రియా నుంచి డాక్టర్లు వస్తే, అక్కడి ఆరోగ్యశాఖవాళ్ళు యార్క్‌షైర్ మాటలకి ఒక చిన్న నిఘంటువే తయారు చేసి ఇచ్చారు. 'లగ్స్' అంటే చెవులు, 'జిగర్డ్' అంటే ఒంట్లో ఓపిక లేకపోవడం, ఇలా. నాకు అలాంటిదేదీ ఇవ్వలేదు. నాకు ఆ నర్సే నిఘంటువు.

సరే, ఇప్పుడు అసలు విషయం. దీనికి మన లిపి భలే పనికొస్తుంది. మాస్టారు మనకి నేర్పిన ఇంగ్లీషుకీ, ఉత్తర ఇంగ్లండ్ ఇంగ్లీషుకీ తేడాలు బోలెడున్నాయి. కానీ రెండు గుర్తులు పట్టుకుంటే చాలు. ఒక కొమ్ము, ఒక దీర్ఘం.

కొమ్ము సంగతి చూడండి. మనం బస్ అంటాం. వాళ్ళు 'బ'కి కొమ్మిస్తారు. బుస్. పాము బుస్సుమన్నట్టు. కప్ కుప్ అవుతుంది. లవ్ లువ్ అవుతుంది. మదర్ ముదర్ అవుతుంది. లండన్ లుండన్ అవుతుంది. సోమవారాన్ని ఇంగ్లీషులో ఏమంటారో మీకు తెలుసు. దానికి వాళ్ళు కొమ్మిస్తే ఎలా ఉంటుందో, సభలో ఆడవాళ్ళు, పెద్దలు ఉన్నారు, నేను చెప్పను. మీరే మనసులో అనుకోండి. ఆ, అదే! మా క్లినిక్ రిసెప్షన్‌లో అమ్మాయి పోయే ప్రతి పేషెంటుకీ "సోమవారం కలుద్దాం" అని చెబుతుంటే, మా అమ్మ మొదటిసారి విని నా చెయ్యి పట్టుకుంది. "ఏటిరా, ఆ పిల్ల అందరినీ అలా తిడతాది?" అని.

ఇక దీర్ఘం. స్నానానికి మాస్టారు ఏం నేర్పారు? బాత్. గడ్డికి? గ్రాస్. దీర్ఘం ఇచ్చి, నోరు గుండ్రంగా తెరిచి. ఉత్తరాదిలో ఆ దీర్ఘం ఉండదు. బత్, గ్రస్. మన 'అ'ని పొట్టిగా, నోరు బాగా తెరిచి పలికితే దాదాపు అదే. నవ్వుకి లాఫ్ అనరు, లఫ్ అంటారు. 

అంటే ఏమిటి? అక్కర్లేని చోట కొమ్ము పెట్టారు, కావలసిన చోట దీర్ఘం తీసేశారు. మొరటు జనం. అంతేనా? మాస్టారు నవ్వుతున్నారు, అంటే ఆయనకి జవాబు తెలుసు. జరిగింది తలకిందులు. కొమ్ము మొదట్నించీ అందరికీ ఉంది. ఇంగ్లండంతా అలాగే పలికేది. 17వ శతాబ్దంలో దక్షిణాదివాళ్ళు కొన్ని మాటల్లో ఆ కొమ్ము తీసేశారు. పుట్‌లో ఉంచారు, కట్‌లో తీసేశారు. ఎందుకు అక్కడ ఉంచారు, ఇక్కడ తీశారు అంటే చిన్నప్పుడు మనం ఏడ్చిన ఏడుపే జవాబు. పీ-యు-టీ పుట్ అయితే బీ-యు-టీ బుట్ ఎందుకు కాదు అని మనం అడగలేదా? మాస్టారు చెవి మెలిపెట్టలేదా? అక్కడ అదే బుట్ మాస్టారూ. నేను వెళ్ళి విని వచ్చాను. నా చెవి నాకు తిరిగి ఇచ్చేయండి.

దీర్ఘం కూడా అంతే. 18వ శతాబ్దంలో లండన్ చుట్టుపక్కల పుట్టిన ఫ్యాషన్ అది. ఉత్తరాదివాళ్ళు ఏమీ మార్చలేదు. ఉన్నచోటే ఉన్నారు. అవతలివాళ్ళు జరిగిపోయి, వీళ్ళు తప్పుదారిలో ఉన్నారన్నారు.

మరి జరిగినవాళ్ళ మాట ఎందుకు చెల్లింది? రాజు అక్కడున్నాడు, కోర్టులు అక్కడున్నాయి, డబ్బు అక్కడుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అటే ఉన్నాయి. 19వ శతాబ్దంలో పెద్దింటి పిల్లలు చదివే బోర్డింగు స్కూళ్ళలో ఒక పలుకుబడి తయారైంది. పలుకుబడి! మన భాషలో ఉచ్చారణకీ అదే మాట, అధికారానికీ అదే మాట. ఇంతకన్నా వివరంగా ఏ పుస్తకం చెబుతుంది?

ఉత్తరాది మాట వింటే ముఖం చిట్లించడం ఇవాళ్టిది కాదు. 12వ శతాబ్దంలోనే మాల్మ్స్‌బరీ విలియం అనే సన్యాసి రాశాడు, యార్క్‌వాళ్ళ మాట గరుకుగా ఉంటుంది, మా దక్షిణాదివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు అని. దానికి కారణం ఉంది. 866లో డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగులు యార్క్‌ని పట్టుకున్నారు. దోచుకుపోతారనుకుంటే కాపురాలు పెట్టారు. విట్బీ, సెల్బీ, వెదర్బీ అని 'బీ'తో ముగిసే ఊళ్ళు కనిపిస్తే అవి వాళ్ళవే. 'బీ' అంటే ఊరు. మనకి ఆమదాలవలస లాంటి పేర్లు లేవూ? ఎవరో ఎక్కణ్ణించో వలస వచ్చిన గుర్తు ఊరి పేరులో ఉండిపోతుంది. అలాగే వాళ్ళ మాటలూ ఉండిపోయాయి. పిల్లలు ఆడుకోవడాన్ని మా వైపు ముసలాళ్ళు 'లేకింగ్' అనేవారు. వాగుకి 'బెక్'. 

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ 1490లో రాసుకున్నాడు. కొందరు వర్తకులు థేమ్స్ నదిలో ఓడ మీద పోతున్నారు. గాలి లేక ఓడ ఆగిపోయింది. తిండి కోసం ఒడ్డుకి దిగారు. వాళ్ళలో షెఫీల్డ్ అనే పేరుగల వర్తకుడు ఒక ఇల్లాలిని గుడ్లు అడిగాడు. ఎగ్స్ అన్నాడు. ఆవిడేమంది? నాకు ఫ్రెంచి రాదు బాబూ అంది. అతనికి ఒళ్ళు మండింది. నాకూ ఫ్రెంచి రాదు, నేను అడిగింది గుడ్లు! పక్కవాడు కల్పించుకుని "ఐరెన్" కావాలట అన్నాడు. ఓహో, అలా చెప్పొచ్చు కదా అని ఆవిడకి అర్థమైంది. దక్షిణాదిలో గుడ్లకి పాత మాట ఐరెన్. ఎగ్ అన్నది వైకింగులు తెచ్చిన మాట. ఇప్పుడు చెప్పండి, ఇవాళ ప్రపంచమంతా ఎవరి మాట వాడుతోంది? ఐరెన్ ఆమ్లెట్ అని ఎవరైనా అడుగుతున్నారా?

ఎగ్ ఒక్కటే కాదు. దే, దెమ్, దెయిర్. ఈ సర్వనామాలు కూడా ఆ దారినే వచ్చి దక్షిణాదికి దిగాయి. వ్యాకరణంలో నడుం ఎముక లాంటి మాటలు అవి. ఆ మాటలు తీసుకున్నారు గానీ, వాటిని ఇచ్చినవాళ్ళ నోరు మాత్రం మొరటైంది.

ఇప్పుడు 20వ శతాబ్దానికి దూకుతాను. మధ్యలో చాలా ఉంది, కానీ సెక్రటరీగారు గడియారం చూస్తున్నారు.

బీబీసీ 1922లో మొదలైంది. వార్తలు చదివే గొంతులన్నీ ఒకే రకం. దీర్ఘాలు పుష్కలం, కొమ్ములు సున్నా. 1941లో, యుద్ధం నడుస్తుండగా, విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనే ఆయనని వార్తలు చదవడానికి పెట్టారు. మా పక్క ఊరు హాలిఫాక్స్ మనిషి. ఎందుకు పెట్టారో తెలుసా? జర్మన్లు బీబీసీ గొంతుని అనుకరించి దొంగవార్తలు చదువుతారేమో అన్న భయం. ఆ పెద్దింటి గొంతుని ఎవడైనా అనుకరించొచ్చు, హాలిఫాక్స్ గొంతుని బెర్లిన్‌లో ఎవడు అనుకరిస్తాడు? ఆయన చదివాడు, చివర్లో ఉత్తరాది వాళ్ళకి వాళ్ళ పద్ధతిలో "గుడ్ నీట్" చెప్పాడు. తర్వాత ఏం జరిగింది? ఈ గొంతు చదివితే వార్త నమ్మబుద్ధి కావడం లేదని శ్రోతలు ఫిర్యాదు చేశారు. బాంబులు పడుతున్నాయండి నెత్తిమీద! ఆ సమయంలో వాళ్ళకి కొమ్ము బాధ.

అది పాతకాలం అంటారా? స్టెఫ్ మెక్‌గవర్న్ అని, మిడిల్స్‌బరో అమ్మాయి, బీబీసీలో వ్యాపార వార్తలు చెప్పేది. యాస సరిచేయించుకోడానికి ఖర్చుకి ఉంచుకోమని ఒక ప్రేక్షకుడు తనకి 20 పౌండ్లు పంపాడని ఆవిడే చెప్పింది. అదే మిడిల్స్‌బరోలో 2013లో ఒక ప్రాథమిక పాఠశాలవాళ్ళు, ఇంట్లో పిల్లలు ఇలా మాట్లాడితే సరిదిద్దండి అని తల్లిదండ్రులకి జాబితా పంపారు. అందులో ఒకటి 'నౌట్'. ఏమీ లేదు అని. ఆ మాట వయసు వెయ్యేళ్ళ పైమాటే. స్కూలు ఉద్దేశం మంచిదే, పిల్లలకి ఉద్యోగాలు రావాలనే. నేను వాళ్ళని తప్పుపట్టను. ఆ స్కూలు పిల్లల తండ్రినైతే నేనూ సంతకం పెట్టి పంపేవాణ్ణేమో. అదే నాకు గుచ్చుకునే సంగతి.

ఉత్తరాది అంటే అంతా ఒకటే అనుకోకండి. ఆ పొరపాటు చేస్తే తన్నులు తింటారు. న్యూకాజిల్‌వాళ్ళు జార్డీలు. అక్కడికి పన్నెండు మైళ్ళలో సండర్లండ్. వాళ్ళు మాకెమ్‌లు. సండర్లండ్ మనిషిని జార్డీ అని చూడండి, ఆ రోజుకి మీతో మాట్లాడడు. లివర్‌పూల్‌వాళ్ళు స్కౌసర్లు. స్కౌస్ అంటే ఓడ నావికులు తినే ఒక రకం మాంసం, దుంపల పులుసు. ఐర్లండ్‌లో 1845 నుంచి కరువొస్తే జనం ఓడలెక్కి లివర్‌పూల్‌లో దిగారు. 1851 జనాభా లెక్కల నాటికి ఊళ్ళో అయిదోవంతు మందికి పైగా ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళే. చుట్టూ లాంకషైర్ యాస, మధ్యలో ఈ ఊరొక్కటే వేరే పాట పాడుతుంది. 'బ్యాక్' అంటే చివరి 'క' గొంతులో గరగరమంటుంది, ఉర్దూ 'ఖ' లాగా. షెఫీల్డ్‌వాళ్ళని బార్న్స్‌లీవాళ్ళు డీ-డాలు అని ఎగతాళి చేస్తారు. ఎందుకంటే 'నువ్వు' అనే అర్థం వచ్చే పాత ఇంగ్లీషు మాటల్ని (దీ, దౌ) షెఫీల్డ్‌వాళ్ళు అలా డీ, డా అని పలుకుతారు. అవునండి, ఇంగ్లీషులో కూడా నువ్వు, మీరు ఉండేవి. మిగతావాళ్ళలో చాలామంది 'నువ్వు' వదిలేశారు. దక్షిణ యార్క్‌షైర్ గనుల ఊళ్ళలో మిగిలింది. దాని మర్యాద కూడా మిగిలింది. పిల్లవాడు పెద్దవాణ్ణి 'నువ్వు' అంటే, "నన్ను నువ్వంటావేం, నిన్ను నువ్వే నువ్వనుకో, ఎలా ఉంటుందో తెలుస్తుంది" అని అక్కడ ఒక సామెత. ఇది తెలుగులోకి ఇంత తేలిగ్గా ఎలా వచ్చేసిందో చూడండి. లండన్ ఇంగ్లీషులోకి రాదు.

డాక్టర్లు చెప్పుకునే పాత జోకొకటి ఉంది. జార్డీ యాసలో 'వర్క్' అన్న మాట వింటే మనకి 'వాక్' లాగా వినిపిస్తుంది. వాళ్ళ 'వాక్' ఇంకోలా ఉంటుంది. మోకాలు విరిగిన గని కార్మికుడికి కట్టు కట్టి, దక్షిణాది డాక్టరు అడిగాడట, ఇప్పుడు వాక్ చెయ్యగలవా? నడవగలవా అని. అతను మండిపడ్డాడు. పనిలోకి పొమ్మంటావేంటయ్యా, నాకు నడకే రావడం లేదు!

నవ్వారు, బాగుంది. ఇప్పుడు చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

1970లలో మా ప్రాంతంలో ఒక హంతకుడు తిరిగాడు. ఆడవాళ్ళని చంపేవాడు. నేను వెళ్ళేనాటికి పట్టుబడి అయిదేళ్ళయింది. అయినా రాత్రి డ్యూటీ అయిపోతే నర్సులు గుంపుగానే ఇళ్ళకి పోయేవారు. ఆ భయం నేను కళ్ళారా చూశాను. 1979 జూన్‌లో పోలీసు అధికారికి ఒక క్యాసెట్ వచ్చింది. హంతకుణ్ణి నేనే అని ఒక మగ గొంతు. ఈశాన్యపు యాస. పోలీసులు లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళని అడిగారు. అక్కడ హెరాల్డ్ ఆర్టన్ అనే ప్రొఫెసరు 1950 నుంచి 1961 దాకా దేశమంతా మనుషుల్ని పంపి, 313 ఊళ్ళలో యాసలు సేకరించాడు. ఒక్కొక్కరికి 1300కి పైగా ప్రశ్నలు. ఊరు కదలని ముసలివాళ్ళని వెతికి పట్టుకునేవారు, పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళని. పళ్ళు లేకపోతే ఉచ్చారణ తేలదు కదా. అలా తిరిగినవాళ్ళలో స్టాన్లీ ఎల్లిస్ ఒకడు. ఆయన, జాక్ విండ్సర్ లూయిస్ అనే ఇంకొకాయన క్యాసెట్ విని ఏం చెప్పారు? ఈశాన్యం అనో, సండర్లండ్ అనో ఊరుకోలేదు. సండర్లండ్‌లో కాసిల్‌టౌన్ అనే పేట అన్నారు. పేట పేరుతో సహా!

పోలీసులు ఆ పేట మీద పడ్డారు. వేలమందిని ప్రశ్నించారు. దొరకలేదు. ఎందుకు దొరకలేదంటే, గొంతు ఆ చుట్టుపక్కలదే, హంతకుడు మాత్రం ఆ గొంతు మనిషి కాదు. అదొక ఆకతాయి చేసిన పాడు పని. అది నకిలీ కావచ్చని ఆ ఇద్దరు పండితులూ హెచ్చరించారు కూడా. అసలు హంతకుడు బ్రాడ్‌ఫర్డ్‌వాడు, మా యార్క్‌షైర్ యాసవాడు. కేసు నడిచినంత కాలంలో తొమ్మిదిసార్లు పోలీసులు వాణ్ణి ప్రశ్నించి వదిలేశారు. ఈశాన్యపు యాస లేకపోవడం వాడికి కలిసొచ్చింది. ఆ క్యాసెట్ వచ్చాక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళ ప్రాణాలు పోయాయి. 1981 జనవరిలో పట్టుబడ్డాడు. క్యాసెట్ పంపినవాడు 2005లో, కవరు అంటించిన ఎంగిలిలో డీఎన్‌ఏ వల్ల దొరికాడు. కాసిల్‌టౌన్‌కి నది అవతల, మైలో రెండు మైళ్ళో ఉన్న పేటవాడు. ఎనిమిదేళ్ళ శిక్ష పడింది.

ఎల్లిస్ చెవి తప్పలేదు. గొంతు చెప్పినదాన్ని మనుషులు వాడుకున్న తీరు తప్పింది. ఈ మాట అన్నాక నేను ఎప్పుడూ కాస్త ఆగుతాను. మంచినీళ్ళు ఉన్నాయా? థాంక్సమ్మా.

సరే. మళ్ళీ కొమ్ము, దీర్ఘం దగ్గరికి వద్దాం. ఉత్తరాది పిల్లలు చదువుకుని లండన్ ఉద్యోగాలకి పోతారు. పోయాక నోరు మారుతుంది. ఎలా మారుతుంది? ఇక్కడే తమాషా. జాన్ వెల్స్ అనే ధ్వనిశాస్త్రవేత్త 1982లోనే దీన్ని పట్టుకున్నాడు. చదువుకున్న ఉత్తరాదివాళ్ళు చాలామంది కొమ్ము వదిలేస్తారు. బుస్ అనడానికి సిగ్గుపడతారు. కానీ దీర్ఘం మాత్రం పెట్టరు. చచ్చినా పెట్టరు. బాత్ అంటే తమ ఉత్తరాదితనాన్నే కాదన్నట్టు అనుకుంటారు.

ఆలోచించండి. రెండూ లండన్‌వాళ్ళు మార్చుకున్నవే, రెండూ వీళ్ళు మార్చుకోనివే. ఒకటి ఎందుకు సిగ్గయింది, ఒకటి ఎందుకు పౌరుషమైంది? నా బుద్ధికి తోచింది చెబుతాను, శాస్త్రం కాదు. బాత్‌లో ఆ దీర్ఘం పెద్దింటివాళ్ళ గుర్తు. అది పెట్టుకుంటే ఊరికెళ్ళినప్పుడు అమ్మ ముందు వేషం వేసినట్టుంటుంది. కొమ్ము తీసేస్తే ఎవరూ గమనించరు, దీర్ఘం పెడితే వీధంతా గమనిస్తుంది. మనిషి పూర్తిగా మారడు, పూర్తిగా ఉండిపోడు. బేరం ఆడతాడు. ఇది తీసుకో, అది మాత్రం అడగకు అంటాడు.

ప్రధానమంత్రులూ దీనికి అతీతులు కారు. హెరాల్డ్ విల్సన్ మా హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టాడు, యాస దాచుకోలేదు, అదే ఓట్లు తెచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. మార్గరెట్ థాచర్ లింకన్‌షైర్‌లో దుకాణదారుడి కూతురు. గొంతుకి శిక్షణ తీసుకుని పూర్తిగా మార్చుకుంది. 1983లో పార్లమెంటులో ప్రతిపక్షం మీద విరుచుకుపడుతూ, మీరు జడుసుకున్నారు అనబోయి "ఫ్రిట్" అంది. ఆ మాట ఆవిడ పుట్టిన ఊరి వైపు అంటారు గానీ లండన్‌లో అనరు. కోపం వచ్చేసరికి ఊరు బయటికొచ్చింది.

ఇంకో వింత. టీవీలో వార్తలు చదివితే ఫిర్యాదులొచ్చే ఇదే యాసకి ఫోన్లో భలే గిరాకీ. కంపెనీలు న్యూకాజిల్ వైపు కాల్ సెంటర్లు బోలెడు పెట్టాయి. ఆ గొంతు వింటే ఆత్మీయంగా ఉంటుంది, నమ్మొచ్చనిపిస్తుందట. అదే సమయంలో మన హైదరాబాదులో కాల్ సెంటర్ పిల్లలకి ఏం నేర్పేవారు? ఏ ఊరిదో తెలియకుండా మాట్లాడమని. అక్కడ యాస ఉన్నందుకు జీతం, ఇక్కడ లేనందుకు జీతం. మాట నమ్మకంగా ఉంటే అప్పు వాయిదా అడగడానికి సరే, దేశం సంగతి చెప్పడానికి వద్దు. ఇది ఎక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడదు.

మాస్టారూ, మీరు మాకు వర్డ్స్‌వర్త్ పద్యం బట్టీ పట్టించారు. బెత్తం పట్టుకుని, దీర్ఘాలు సరిగ్గా పలకమని. ఆయన 1770లో కాకర్‌మత్‌లో పుట్టాడు. ఉత్తరాది మనిషి. మాట్లాడితే ఉత్తరాది గరగర బాగా వినిపించేదని ఆయన్ని కలిసిన హాజ్లిట్ అనే రచయిత రాశాడు. ఆయన కవిత్వంలో 'వాటర్'కీ 'మ్యాటర్'కీ ప్రాస కుదురుతుంది. లండన్ నోటితో చదివితే కుదరదు. ఆయన ఊళ్ళో నీళ్ళని 'వ్యాటర్' అంటారు, అప్పుడు కుదురుతుంది. అంటే మీ బెత్తం దెబ్బలు ఆయనక్కూడా తగిలేవి.

నేను కూడా బేరం ఆడినవాణ్ణే. మెడికల్ కాలేజీలో చేరిన మొదటి రోజు, పేరు పిలిస్తే "ఏటండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఏడాదంతా నన్ను ఏటి అనే పిలిచారు. సిక్కోలు నుంచి వెళ్ళిన ప్రతివాడికీ ఇది జరిగే ఉంటుంది, ఇక్కడ తలలూపుతున్నవాళ్ళు కనిపిస్తున్నారు. ఆర్నెల్లలో ఏటి పోయింది, ఏంటి వచ్చింది. 'గుంటడు' అన్న మాట మాత్రం ఎవరేమన్నా వదల్లేదు. ఎందుకు అది వదిలి ఇది ఉంచుకున్నానో నన్నడక్కండి. హడర్స్‌ఫీల్డ్‌లో మావాళ్ళు ఎందుకు బత్ అంటారో అదే.

మా అమ్మాయి అక్కడే పుట్టింది. స్కూల్లో మొత్తం కొమ్ములే. మా అమ్మ రెండేళ్ళు మా దగ్గరుంది, దానికి తెలుగు నేర్పింది ఆవిడే, మేం కాదు. మాకెక్కడ తీరిక? ఇప్పుడు లండన్‌లో లాయరు. ఒకసారి నేను తన ఆఫీసులో కూర్చుని విన్నాను. క్లయింటుతో మాట్లాడుతోంది. ఒక్క కొమ్ము లేదు. ఎవరీ పిల్ల అనిపించింది. ఇంతలో గ్రాస్ అనాల్సి వచ్చింది, ఏదో తోట తగాదా కేసు. గ్రస్ అంది. పొట్టిగా, గట్టిగా. హమ్మయ్య, మా పిల్లే అనుకున్నాను.

నిన్న నేను విశాఖ నుంచి ఇక్కడికి బయల్దేరుతుంటే ఫోన్ చేసింది. లండన్‌లో పొద్దున్న, ఇంకా ఆఫీసుకి పోలేదు. "ఏటి నాన్నా, బుస్ దొరికిందా?" అంది.

సరే, సెక్రటరీగారు లేచి నిలబడ్డారు. బయట టీ పెట్టారట. యార్క్‌షైర్‌లో టీకి రమ్మంటే రాత్రి భోజనానికి రమ్మని. నేను మొదటిసారి ఇంట్లో కడుపునిండా తినేసి వెళ్ళి నానా అవస్థ పడ్డాను. ఇక్కడిది మన టీయే, ధైర్యంగా రండి.